అన్నం వేళ క్లారినెట్

దసరా సెలవుల తర్వాత మొదటి బ్యాండ్ క్లాసు. నవనీత చెయ్యెత్తి ఆపమంది. పిల్లలకు ఆపడం కూడా ఒకేసారి రాలేదు. ముందు డ్రమ్ములు ఆగాయి, తర్వాత ట్రంపెట్లు. చిట్టచివరికి మూలనున్న ఒక బ్యూగిల్ కీచుమని మూలిగి ఊరుకుంది.

"సెలవుల్లో ఇంట్ల ఎవరెవరు ప్రాక్టీస్ చేసిన్రు?" అని అడిగింది.

అన్ని చేతులూ లేచాయి. ఒక్క మహిత చెయ్యి మాత్రం లేవలేదు.

నారాయణగూడలో ఒక సందు చివరన ఉన్న ఆ హైస్కూల్లో నవనీత బ్యాండ్ టీచరు. నిజానికి ఆమె జనగామ పక్క ఊరి నుంచి హైదరాబాదు వచ్చింది గ్రూప్స్ పరీక్షల కోసం. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. గురుకుల పాఠశాలలో చదివేటప్పుడు సరదాగా నేర్చుకున్న క్లారినెట్టే చివరికి ఆమెకు అన్నం పెట్టింది. అందుకే బ్యాండంటే ఆమెకు ఉద్యోగం ఒక్కటే కాదు. పోగా మిగిలింది అదొక్కటే.

వారంలో రెండే పీరియడ్లు బ్యాండుకు. ఆ రెండు పీరియడ్లలో నేర్పడం వరకే అవుతుంది, రావడం ఇంట్లో జరగాలి. బడి వాయిద్యాలు ఇంటికి ఇచ్చేది అందుకే. పెదవి కూడా కండే. రోజూ ఊదితే నిలబడుతుంది, నాలుగు రోజులు వదిలేస్తే మెత్తబడిపోతుంది. ఈ మాట ఆమె పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిందో. వాళ్లు బుద్ధిగా తలలూపేవాళ్లు.

పోయిన జనవరిలో స్కూళ్ల పరేడ్ పోటీలో, మైదానం మధ్యకు వచ్చేసరికి బ్యాండు పాట మరిచిపోయింది. డ్రమ్ములు ముందుకు పోయాయి, ట్రంపెట్లు వెనకబడి నోళ్లు దించేశాయి. మిగతా దూరమంతా పిల్లలు బూట్ల చప్పుడుతోనే నడిచారు. ఎవరో గ్యాలరీలో నవ్వారు. ఆ నవ్వు నవనీతకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

ఈసారి ప్రిన్సిపాల్ వేదవతి ఆమెను గదికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి చెప్పింది. "కరస్పాండెంటు గారు బ్యాండు గదిని ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకి అడుగుతున్నారమ్మా. జనవరి పరేడ్ దాకా నేను ఏదో ఒకటి చెప్పి ఆపుతాను. మళ్లీ పోయినసారి లాగే అయితే మాత్రం నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు."

"ఈసారి అట్ల కానియ్య మేడం" అంది నవనీత. అంటూనే, అది తన చేతుల్లో లేని సంగతని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పిల్లల తల్లిదండ్రుల గ్రూపు పెట్టింది. రోజూ ఇంట్లో వాయించి రికార్డు చేసి పంపాలని షరతు. మొదటి వారం బాగానే వచ్చాయి. ట్రంపెట్ వాయించే సాయిచైతన్య అందరికంటే ముందు పంపేవాడు. మెచ్చుకుంటూ పోయింది. ఒకరోజు కూర తరుగుతూ వింటుంటే, పాట మొదటి చరణం దగ్గర కుక్కర్ కూత వినబడింది. నిన్నటిదాంట్లోనూ అక్కడే కూసింది. మొన్నటిదాంట్లోనూ. అదే రికార్డును మళ్లీ మళ్లీ పంపుతున్నాడు. మిగతావాళ్లవి కూడా తీసి వింది. ఇద్దరు ఆడపిల్లలు ఒకే రికార్డు పంచుకున్నారు. ఒకడు ఎవరో పెద్దవాళ్లు వాయించిన దాన్ని ఇంటర్నెట్ నుంచి పట్టుకొచ్చాడు. నవనీత కత్తిపీట పక్కకు జరిపి, ఫోన్ బోర్లా పెట్టేసింది. కోపం రాలేదు, భయమేసింది.

తర్వాత రోజు నుంచి బడి వదలగానే ఇళ్లకు తిరగడం మొదలుపెట్టింది.

సాయిచైతన్యది చిక్కడపల్లిలో అపార్ట్‌మెంటు. తాతగారు ధర్మారావు సెక్రటేరియట్‌లో చేసి రిటైరైన మనిషి. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"మావాడి తప్పేమీ లేదమ్మా. మేమే ఆపమన్నాం. పై ఫ్లాట్ ఆయన అసోసియేషన్ మీటింగులో లేచి అడిగేశారు. మా ఆవిడకి బీపీ. మీరేమీ అనుకోకండి, సంగీతమంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. కానీ ఇది ఇంకా సంగీతం కాలేదు కదండీ!"

"ఊదితేనే అయితది సార్" అంది నవనీత.

ఆయన నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. చివరికి ఆమె బతిమాలగా బతిమాలగా, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరల మడతల్లోకి ట్రంపెట్ మూతి పెట్టి ఊదుకోవడానికి ఒప్పుకున్నారు. శబ్దం సగం చీరలే తాగేస్తాయి. సాయిచైతన్య సిగ్గుతో ఎర్రబడి, నానమ్మ పట్టుచీరల ఎదుట నిలబడి ఊదాడు.

అన్ని ఇళ్లలో అంతమాత్రం కూడా కుదరలేదు. ఒక తల్లి ట్యూషన్ల టైమ్‌టేబుల్ తెచ్చి చూపించి, "ఇందులో ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి" అంది. ఒక ఇంట్లో క్లారినెట్‌ను షోకేసులో బొమ్మల పక్కన పెట్టారు. చుట్టాలు వచ్చినప్పుడు చూపించడానికట. ఇంకో ఇంట్లో తలుపు తియ్యనే లేదు. లోపల టీవీ మోగుతూనే ఉంది.

ఇక మిగిలింది మహిత.

ఎనిమిదో తరగతి చదివే మహిత బ్యాండు మొత్తానికి ఆధారం. పాట వరసను పట్టుకుని ముందుకు నడిపేది ఆమె క్లారినెట్టే. బడి తెరిచిన కొత్తలో ఆ పిల్ల వాయిస్తుంటే కారిడార్‌లో పోయే టీచర్లు ఆగి వినేవాళ్లు. అలాంటిది సెలవుల తర్వాత ఒక్క రికార్డు కూడా పంపలేదు. మిగతావాళ్లలా అబద్ధమూ ఆడలేదు.

"ఊదలేదు మిస్" అంది అడిగితే.

"ఎందుకు?"

"ఇంట్ల ఊదొద్దు మిస్."

నవనీత ఒక శుక్రవారం ఆమె వెంటే అశోక్‌నగర్ నడిచింది.

ఒకప్పుడు తను పుస్తకాల సంచీతో తిరిగిన సందులే. కోచింగ్ బోర్డులు ఇంకా పెరిగాయి, జిరాక్స్ షాపుల ముందు నోట్సు కోసం నిలబడ్డ మొహాలు మాత్రం అవే. మహిత వాళ్లది ఒక నాలుగంతస్తుల భవనం. పై మూడంతస్తులూ గ్రూప్స్‌కు చదువుకునే కుర్రాళ్ల హాస్టలు. కింద మెస్సు. మెస్సు నడిపేది మహిత తల్లి నర్మద, వంట చేసేది తండ్రి మొగిలయ్య. వెనకున్న ఒక్క గదిలో ముగ్గురూ ఉంటారు.

"పాప ఊదుతలేదు నర్మదక్కా" అంది నవనీత.

నర్మద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తింది. "నేనే ఊదనిస్తలేను మేడం. మీకు తెల్వందేముంది. పైన పోరగాండ్లు రాత్రనక పగలనక సదువుతున్రు. ఒకడు డిస్టర్బ్ అయితుందన్నడంటే పది మంది లేసి వేరే మెస్సుకు పోతరు. ఓనరు ఊకుంటడా? డిసెంబర్ల పరీక్ష ఉన్నది. అది అయిపోనియ్యున్రి. గప్పుడు పొద్దంత ఊదుకోమను, ఎవరొద్దంటరు?"

నవనీత మనసులో లెక్క వేసుకుంది. పరీక్ష అయ్యాక పరేడ్‌కు నెల పైనే ఉంటుంది. మహిత లాంటి పిల్లకు నెల చాలు. అప్పటిదాకా చప్పుడు లేకుండా సాధన చేయించాలి.

"ఊదకు. ఏళ్లు మాత్రం కదిలియ్యి. పాట లోపట నడవాలె, ఏళ్లు దాని ఎంబడి పోవాలె" అని మహితకు నేర్పింది.

అప్పటి నుంచి మహిత మెస్సులో బియ్యం బస్తాల మీద కూర్చుని, క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, మీటల మీద వేళ్లు ఆడించుకునేది. మూతి దగ్గర పెట్టుకునేది, ఊపిరి మాత్రం వదిలేది కాదు. తినడానికి వచ్చిన కుర్రాళ్లు వింతగా చూసేవాళ్లు. వాళ్లలో రమాకాంత్ అనే అతను ఒకసారి ఆగి అడిగాడు. అచ్చంపేట దిక్కువాడు, అందరికంటే వయసులో పెద్ద, ఆ హాస్టల్లో అందరికంటే పాతకాపు.

"ఏందమ్మా, ఊదకుంటనే ఊదుతున్నవ్?"

"మీ పరీక్ష అయినంక ఊదుత అన్నా."

"అట్లనా! నాదయితే పరీక్ష అయినంక సందంత డప్పు కొట్టుకుంట తిరుగుత" అని నవ్వాడు.

పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా, ఒక సాయంత్రం మెస్సు నిండా కుర్రాళ్లు తింటుండగా, అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఎవరో గట్టిగా చదివారు. పరీక్ష వాయిదా. ఫిబ్రవరిలో పెడతారట.

సగం తిన్న పళ్లేలు అక్కడే వదిలేసి అందరూ లేచిపోయారు. కాసేపట్లో సందంతా నినాదాలు. చౌరస్తాలో పోలీసు వ్యాన్లు ఆగాయి. మొగిలయ్య దించిన పెద్ద గిన్నెడు అన్నం అలాగే చల్లారిపోయింది.

నవనీతకు మహిత మెసేజ్ పెట్టింది. "మిస్, పరీక్ష ఫిబ్రవరికి పోయింది. అమ్మ గప్పటిదాక ఊదొద్దంటుంది."

ఫిబ్రవరి. పరేడ్ జనవరిలో.

మర్నాడు బడి వదలగానే నవనీత నేరుగా మెస్సుకు వచ్చింది. ఏం మాట్లాడాలో అనుకుని రాలేదు. ఆ రోజు మధ్యాహ్నమే పిల్లలు పాటను మళ్లీ ముక్కలుముక్కలు చేశారు. గది కొలతలు తీసుకోవడానికి ఎవరో మనిషి టేపు పట్టుకుని వచ్చి, పిల్లలు వాయిస్తుండగానే గోడ నుంచి గోడకు కొలుచుకుని పోయాడు. అది ఆమె గుండెల్లో ఇంకా సలుపుతోంది.

"నర్మదక్కా, రోజుకు అరగంట. ఒక్క అరగంట" అంది.

"ఎట్ల మేడం? చూస్తున్రు గద వీళ్ల బాధ."

తింటున్న కుర్రాళ్ల వైపు తిరిగింది నవనీత. గొంతు ఆమె అదుపులో లేదు.

"తమ్ముళ్లూ, మీకు ఒక్క మాట. ఈ పిల్ల మీకోసం రెండు నెల్ల సంది నోరు మూసుకొని కూసున్నది. మీకే ఉన్నదా పరీక్ష? దీనికి లేదా? మీ పరీక్ష ఇయ్యాల గాకపోతే రేపు పెడతరు. పిల్లకు ఈ జనవరి పోతే మల్ల రాదు. అరగంట చెవుల దూది పెట్టుకుంటే సచ్చిపోతరా?"

రమాకాంత్ చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

"రేపు పెడతరా?" అన్నాడు. "రేపు అనుకుంట అనుకుంటనే ముప్పై దాటి ఎన్నేండ్లాయె మేడం నాకు. ఈ నోటిఫికేషన్ పోతే ఏజ్ బార్. మల్ల ఫారమే నింపనియ్యరు. అరగంటనా? నాకు అరగంటే మిగిలిందనుకో, అది గూడ మీకే ఇయ్యాల్నా?"

అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు. నవనీత బయటికి వచ్చి, జిరాక్స్ షాపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. తను అన్న మాటే తన చెవుల్లో మోగుతోంది. ఒకప్పుడు ఇదే సందులో, కింద పెళ్లి బాజా మోగుతుంటే చెవులు మూసుకుని ఏడ్చిన రాత్రి తనకూ ఉంది. ఆ సంగతి తను ఎట్లా మరిచిపోయింది?

మంగళవారం బ్యాండు క్లాసుకు మహిత రాలేదు. సాయిచైతన్య ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మహిత ఇమ్మంది మిస్. ఇక రాదంట."

పెట్టె తెరిచి చూస్తే క్లారినెట్ శుభ్రంగా తుడిచి, ముక్కలు విడదీసి, దేని అరలో దాన్ని పెట్టి ఉంది. నవనీత ఆ క్లాసు ఎట్లా ముగించిందో ఆమెకే తెలియదు. సాయంత్రం పెట్టె పట్టుకుని మళ్లీ అశోక్‌నగర్ వెళ్లింది.

నర్మద ఈసారి చాయ్ తాగుతారా అని అడగలేదు. "మీరు మంచికే వచ్చిన్రు మేడం, కాదంటలేను. కానీ మీరు అన్నంక కొంతమంది వేరే మెస్సుకు పోయిన్రు. పోతే పోనియ్యి. ఆ రమాకాంత్ ఎక్కడ తింటున్నడో, అసలు తింటున్నడో లేదో. ఆ పొద్దు సంది కిందికే దిగలే. రూమ్‌మేట్లు ఊరికి పోయిన్రు."

నవనీత పెట్టె బల్ల మీద పెట్టేసింది. "నేను పోయి మాట్లాడత. తప్పు నాదే" అంది.

మగపిల్లల హాస్టలు కాబట్టి మొగిలయ్య గరిటె కింద పెట్టి ముందు నడిచాడు. రెండో అంతస్తులో చివరి గది. తలుపు లోపల గడియ వేసి ఉంది.

"రమాకాంతూ! తలుపు తియ్యి బిడ్డా."

జవాబు లేదు. మొగిలయ్య గట్టిగా కొట్టాడు. లేదు. నవనీత కిటికీ సందులోంచి చూసింది. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పుస్తకాలన్నీ తాడుతో కట్టి మూటగా మూల పెట్టి ఉన్నాయి. ఈ సందుల్లో ఇట్లా మూసిన తలుపుల గురించి ఆమె చాలా విని ఉంది.

"తమ్ముడూ, నేను. బ్యాండ్ టీచర్‌ను. తిట్టాలనుకుంటే లేసి తిట్టు. తలుపు మాత్రం తియ్యి" అంది. తర్వాత ఏడుపు ఆపుకోలేక, "తియ్యి తమ్ముడూ, నీ కాళ్లు మొక్కుత" అంది.

చాలాసేపటికి మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. మొగిలయ్య ఏమీ అనకుండా అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టి, తను గుమ్మంలోనే కూర్చున్నాడు.

"నా మాటలు మనసుల పెట్టుకోకు" అంది నవనీత.

"మీ మాటలకు కాదక్కా." గొంతు బొంగురుపోయి ఉంది. "పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడ్తున్నయి. లోపటికి పోతలేవు. ఎన్నిసార్లు సదివినా పోతలేవు." గోడవైపు చూస్తూ, "అమ్మకు ఫోన్ల పరీక్ష అయిపోయిందని చెప్పిన. మంచిగ రాసిన అని చెప్పిన. ఆమె ఊరంత చెప్పుకున్నది. ఇప్పుడు ఇంటికి పోలేను, ఈడ ఉండలేను" అన్నాడు.

నవనీతకు ధైర్యం చెప్పే మాటలు చాలా తెలుసు. తను ఓడిపోయినప్పుడు అందరూ చెప్పినవే. ఒక్కటీ పనిచెయ్యలేదు.

"ఫోన్ చెయ్యి అమ్మకు. ఇప్పుడే. నిజం చెప్పు" అంది.

"వద్దక్కా."

"నేను ఈడనే కూసుంట. నువ్వు చేసేదాక లేవ."

అతను ఫోన్ తీసి, అమ్మ పేరు దాకా పోయి ఆగిపోయాడు. కింద చౌరస్తాలో ఎవరో హారన్ ఆపకుండా కొడుతున్నారు. చివరికి నొక్కాడు. రెండు రింగులకే అవతల గొంతు పలికింది. పల్లెటూరి మనిషి కదా, ఫోన్లోనూ పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టే మాట్లాడుతుంది. పక్కవాళ్లకు కూడా వినిపించింది.

"అమ్మా... పరీక్ష కాలే. నేను అబద్ధం చెప్పిన. వాయిదా పడ్డది" అన్నాడు.

"కాకపోతే కాకపాయె" అంది తల్లి పెంటమ్మ. "నువ్వు తిన్నవా బిడ్డా?"

రమాకాంత్ మోకాళ్ల మీదికి వంగిపోయి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఫోన్‌లో ఆమె "తిన్నవా? ఎందుకేడుస్తున్నవ్? తిన్నవా లేదా?" అని అడుగుతూనే ఉంది. మొగిలయ్య లేచి వచ్చి ఫోన్ తీసుకుని, "తినలేదమ్మా. నేను తినబెడత. నేను మెస్సాయన్ను" అని చెప్పాడు.

ముగ్గురూ కిందికి దిగారు. నర్మద వేడన్నం, పప్పు పెట్టి, పైన నెయ్యి వేసింది. మహిత జగ్గు పట్టుకుని వచ్చి గ్లాసులో నీళ్లు పోసింది. ఎవరి మొహమూ చూడలేదు. బల్ల మీదున్న పెట్టెను చూసి కూడా చూడనట్టే మళ్లింది.

రమాకాంత్ నాలుగు ముద్దలు తిన్నాక అడిగాడు. "ఈ డబ్బా ఏంది? ఏళ్లు ఆడిస్తలేవేం?"

"వాపసిచ్చిన అన్నా."

"నా వల్లనా?"

మహిత జగ్గు ఎత్తుకుని పక్క బల్లకు పోయింది. అతను ముద్ద కలుపుతూ చుట్టూ చూశాడు. ఎనిమిదైంది. హాస్టలంతా మెట్లు దిగి వస్తోంది. పళ్లేల చప్పుడు, ఫోన్లలో వీడియోలు, పప్పు పొయ్యమని కేకలు. చాలాసేపు ఆ గోల వింటూ కూర్చున్నాడు.

"నర్మదక్కా" అన్నాడు. "ఇప్పుడు పైన ఎవడు సదువుతున్నడు?"

"ఇప్పుడెవరు సదువుతరు? అందరు ఈడనే ఉన్నరు గద."

"మరి గీ టైముల పాప మిద్దె మీదికి పోయి ఊదుకుంటే ఎవనికి నొప్పి?"

నర్మద గరిటె పట్టుకుని ఆగిపోయింది. నవనీత ఇన్ని రోజులు ఇన్ని ఇళ్లు తిరిగి, ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టనందుకు నవ్వాలో ఏడవాలో తెలియక చూసింది.

"గీ టైముల నీళ్లు పోసేది అదే" అంది నర్మద మెల్లగా. "నాకు రెండు చేతులే."

"నీళ్లు నేను పోస్త" అన్నాడు రమాకాంత్.

ఆ మర్నాటి నుంచి, అన్నం వేళకు మహిత క్లారినెట్ తీసుకుని మిద్దె ఎక్కేది. అంతటితో కష్టం తీరలేదు. రెండు నెలలు సరిగా ఊదని పెదవి మాట వినలేదు. డిసెంబరు చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. మొదటి రోజుల్లో వచ్చిన చప్పుడుకు కింద తింటున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఒకరిద్దరు చెవులు మూసుకుని, "ఇదేం గోలరా" అన్నారు. రమాకాంత్ జగ్గు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, "తినున్రి, తిని లేవున్రి" అనేవాడు. ఒకరోజు మహిత పెదవి పగిలి రక్తంతో దిగి వచ్చింది. "నాతోని కాదు మిస్, పోయింది నా ఊదుడు" అని నీళ్ల ట్యాంకు పక్కన నవనీత చేతుల్లో ఏడ్చింది. పోయిందేమోనని నవనీతకూ అనిపించింది. "పాట వద్దు. ఒక్క స్వరం పట్టుకో. ఊపిరి అయిపోయేదాక. రేపు ఇంకో స్వరం" అంది. అంతకంటే ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

సంగతి తెలిసి సాయిచైతన్య తాతగారి అనుమతితో చిక్కడపల్లి నుంచి ట్రంపెట్ పట్టుకుని వచ్చాడు. చీరల్లోకి ఊది ఊది తనకు తన చప్పుడే తెలియడం లేదన్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. అయితే ట్రంపెట్లు చేరేసరికి పక్క బిల్డింగు ఆయన గోడ దగ్గరికి వచ్చి అరిచాడు, ఓనరుకు ఫోన్ చేశాడు. మూడు సాయంత్రాలు అందరూ మూగగా కూర్చున్నారు. నర్మద స్వయంగా ఆ ఇంటికి వెళ్లి, ఆ ఇంటి ముసలామెకు రోజూ జొన్నరొట్టెలు పంపుతానని ఒప్పించి వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ సగం మంది ఊళ్లకు పోయారు. నవనీతకు నిద్ర కరువైంది. పిల్లలు తిరిగి వచ్చేసరికి పరేడ్‌కు వారం కూడా లేదు.

పరేడ్ రోజు మంచు ఇంకా విడవలేదు. మైదానం మధ్యలో, పోయినసారి ఆగిపోయిన చోటే, డ్రమ్ములు తొందరపడ్డాయి. ట్రంపెట్లు చెదిరాయి. సాయిచైతన్య స్వరం పగిలి పక్కకు పోయింది. నవనీత కళ్లు మూసుకుంది. క్లారినెట్ ఆగలేదు. గొప్పగా లేదు, సన్నగా, కాస్త వణుకుతూ, కానీ వరస వదలకుండా నడిచింది. ఒక్కొక్కరే దాన్ని వెతుక్కుని వచ్చి కలిశారు. మైదానం చివరిదాకా పాట ఉంది.

బహుమతి రాలేదు. వేదవతి మేడం మాత్రం నవనీత చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆగకుండా వెళ్లారమ్మా" అంది. తర్వాత తల దించుకుని, "గది మాత్రం ఇవ్వక తప్పలేదు. బెంచీలు వచ్చేశాయి. శుక్రవారం పీరియడు ఒక్కటి నిలబెట్టగలిగాను, అదీ ఆవరణలో. వచ్చే ఏడు సంగతి నేను చెప్పలేను" అంది.

నవనీత సరేనంది. ఎంత ఏడవాలో అంతా డిసెంబరులోనే ఏడ్చింది.

ఫిబ్రవరిలో పరీక్షలు దగ్గరపడ్డాయి. నవనీత తనే మహితతో చెప్పింది. "ఈ వారం మిద్దె ఎక్కకు. హాస్టల్ పోరగాండ్లు అన్నం తినుకుంట గూడ పుస్తకం చూస్తరు. నువ్వు గూడ జర పెదవికి రెస్టియ్యి. పరేడ్ అయిపోయింది గద."

పరీక్ష మొదలైన రోజు పొద్దున్నే, బ్యాండు గదిలోని తన సామాను తీసుకుపోదామని నవనీత అందరికంటే ముందు బడికి వచ్చింది. గేటు ఇంకా పూర్తిగా తెరవలేదు. గది మెట్ల మీద మహిత, సాయిచైతన్య పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఏందే, ఇంత పొద్దుగాల?"

"ఇంట్ల ఊదొద్దు గద మిస్ ఈ వారం. అందుకే ఈడికొచ్చినం" అంది మహిత.

"నేను రమ్మనలేదు గద."

"అనలేదు మిస్."

"రమాకాంత్ పోయిండా?"

"పోయిండు మిస్. అమ్మ పెరుగన్నం పెట్టి పంపింది. సెంటర్ దాక నాయిన తోలుకపోయిండు."

నవనీత తాళం తీసింది. గది నిండా కొత్త బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇంకా రంగు వాసన పోలేదు. ముగ్గురూ కలిసి కిటికీ దగ్గర రెండు బెంచీలు పక్కకు జరిపి, ఇద్దరు నిలబడేంత చోటు చేశారు. మహిత క్లారినెట్ ముక్కలు బిగించి, నోటి దగ్గరి రీడ్ పలక తడుపుకుని, నవనీత చెప్పకుండానే ఒక్క స్వరం పట్టుకుంది.